మామూలు మొహం

నాలుగో అంతస్తు, వంటింటి బల్ల
మార్చి 3

పిడుగా,

లాభమంటే చేతికొచ్చిన డబ్బని రాశావు. కాదు. లాభం కాగితం మీద పుడుతుంది, డబ్బు పెట్టెలో పడుతుంది. ఈ రెండూ ఒకే రోజున ఒకే ఇంటికి వచ్చిన సందర్భాలు, నా ముప్పై ఒక్క ఏళ్ళ ఆడిటరు ఉద్యోగంలో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. నీకు డిగ్రీ ఇచ్చినవాళ్ళు ఈ ముక్క చెప్పకుండానే ఇచ్చేశారంటే, ఫీజు కొంత వెనక్కి అడగచ్చు.

నువ్వు కవర్లో పెట్టి పంపిన బొమ్మల కాగితాలు మూడుసార్లు చూశాను. నాకు అర్థమైంది ఇది, తప్పయితే చెప్పు. అది కంప్యూటర్లో వ్యాపారం చేసే ఆట. ఆడేవాడికి ఒక బట్టల మిల్లు ఇస్తారు, రెండు వందల మంది పనివాళ్ళని ఇస్తారు, కాస్త అప్పు ఇస్తారు. పదేళ్ళ ఆటలో కంపెనీ విలువా, తన జేబులో డబ్బూ కలిపి ఎక్కువ పెంచినవాడు గెలుస్తాడు. ఆట బజారులోకి రాకముందే దాని లెక్కల్లో లొసుగులు ఎక్కడున్నాయో వెతికి పట్టుకోవడం నీ ఉద్యోగం. అంటే జీతమిచ్చి మరీ దొంగబుద్ధి నేర్పుతున్నారు. మా రోజుల్లో ఆ బుద్ధి ముందే ఉన్నవాళ్ళకి జీతమిచ్చేవారు, నేర్పే శ్రమ ఉండేది కాదు.

మూడో కాగితంలో గోడౌన్ బొమ్మ చూడు. అమ్ముడుపోని దుప్పట్లకి కూడా అమ్మకం ధరే విలువ కడుతోంది మీ ఆట. ఇంకేం కావాలి నీకు? మిల్లు ఆపకుండా నడుపు, ఒక్క దుప్పటీ అమ్మకు. గోడౌన్ నిండేకొద్దీ లాభం పెరుగుతుంది. కొనేవాడి మొహం చూడక్కర్లేని వ్యాపారం. రేపు ఆఫీసులో ఆడి చూసి, ఏమైందో రాయి.

ఫోన్ చెయ్యవేమని మీ అమ్మ నిన్ను సాధిస్తోందట. నా చెవులకి ఫోన్ పనికిరాదని దానికి తెలుసు. పక్క గదిలోంచి అది పిలిచినా నాకు వినపడదు, అది నాకు కలిసొచ్చిన సంగతి. నువ్వు ఉత్తరమే రాయి.

నువ్వుండేది నా తమ్ముడి ఇంట్లో. వాడికీ నాకూ మాటల్లేవని నీకు తెలుసు. కనుక వాడెలా ఉన్నాడని నేను అడగను. నువ్వు రాస్తే చదువుతాను. చదవడానికి మాటలక్కర్లేదు కదా.

అమ్మమ్మ


చిన్న తాతయ్య ఇల్లు, ముందు గది
మార్చి 12

నా బంగారు అమ్మమ్మా,

దుప్పట్లు పేలాయి! నాలుగో ఏడాదికల్లా నా మిల్లు విలువ పదకొండు రెట్లయింది, ఒక్క దుప్పటీ గడప దాటలేదు. ఎనిమిది మందిమి ఉన్నాం కదా లొసుగులు వెతికేవాళ్ళం, అందరూ నా కుర్చీ వెనక నిలబడి చూశారు. మా సూపర్‌వైజరు కూడా వచ్చాడు. ఆయన దేనికైనా "చూద్దాం" అంటాడు కాబట్టి మేం చూద్దాం గారని పిలుచుకుంటాం. ఆయన గోడౌన్ చూసి, "బావుంది" అని, మళ్ళీ తనే భయపడి "చూద్దాం" అన్నాడు.

సంగతేమిటంటే అమ్మమ్మా, మా ఎనిమిది మందికీ ఏప్రిల్ ఆఖరుతో గడువు అయిపోతుంది. ఆ తర్వాత ఉండేది ఒక్క పోస్టు. పర్మనెంటు. ఇంకెవరికీ తట్టని లొసుగు ఎవరు పట్టుకుంటే వాళ్ళకి. అది నాకు రావాలి. ఎందుకంటావా? చిన్న తాతయ్య ఎలా ఉన్నాడని నువ్వు అడగనన్నావు కాబట్టి నేనే రాస్తున్నాను.

చిన్న తాతయ్యకి డెబ్బై ఒకటి. ఆఫీసుల పార్కింగ్ గేటు దగ్గర అడ్డకర్ర ఎత్తి దించే పని. పొద్దున ఏడింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తాడు. కుర్చీ ఇవ్వరు. కూర్చుంటే కెమెరాలో బావుండదట. ఇంటికొచ్చి బూట్లు విప్పితే పాదాలు బన్ను రొట్టెల్లా పొంగి ఉంటాయి. మేజోడు అంచు చర్మంలో గాడిలా దిగిపోయి ఉంటుంది, వేలు పెడితే ఇంకా లోపలికి పోతుంది. "మానెయ్యి తాతయ్యా" అంటే, "మానేసి నీ తల తినమంటావా?" అంటాడు. ఆయన పనిచేసిన మిల్లు మూతపడ్డప్పుడు రిటైర్మెంటు డబ్బంతా పోయింది కదా. నాకా పోస్టు వస్తే ఆ జీతంతో ఇద్దరం బతకచ్చు. వచ్చిన రోజున ఆయన బూట్లు కిటికీలోంచి పారేస్తానని చెప్పాను. "కింద ఎవరున్నారో చూసి పారెయ్యి" అన్నాడు.

ఒక మాట అడగనా? ఒక కుట్టు మిషన్ కోసం ఇరవై రెండేళ్ళు మాట్లాడుకోకపోవడం ఏమిటి మీ ఇద్దరూ? మీ అమ్మ వస్తువులు పంచుకున్నప్పుడు గొడవైందని అమ్మ చెప్పింది. ఇచ్చెయ్యకూడదూ ఆ మిషన్? నేను మోసుకొస్తాను.

నీ పిడుగు


నాలుగో అంతస్తు, వంటింటి బల్ల
మార్చి 20

పిడుగా,

మిషన్ సంగతి మిషన్ చూసుకుంటుంది. నువ్వు పని చూడు.

ఆట నెలాఖరు రోజున మాత్రమే కంపెనీ పెట్టె తెరిచి చూస్తోంది. కనుక నెలాఖరు సాయంత్రం అప్పు తీసుకో, ఒకటో తారీఖు పొద్దున్నే తిరిగిచ్చెయ్యి. ఒక్కరోజుకి వడ్డీ లేదని వాళ్ళే ఆరో కాగితంలో రాశారు. ఫొటో తీసేవాడు వచ్చినప్పుడు పక్కింటావిడ గొలుసు వేసుకుని నిలబడటం లాంటిది. ఫొటో మటుకు నిజమే. గొలుసూ నిజమే. మెడే మనది.

పదకొండు గంటలు నిలబడతాడా? గేటు పక్కన గోడైనా ఉందా ఆనుకోవడానికి? మిల్లులో ఉన్నప్పుడు నేత మేస్త్రీగా మగ్గాల మధ్య తిరిగేవాడు. తిరగడం వేరు, నిలబడటం వేరు. రాత్రి పడుకునేటప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టమని చెప్పు. నేను చెప్పానని చెప్పకు. డాక్టరు చెప్పాడని చెప్పు.

నీకా పోస్టు రావాలి. రాస్తూ ఉండు.

అమ్మమ్మ


ఆఫీసు, భోజనాల గది
ఏప్రిల్ 2

అమ్మమ్మా,

కొంప మునిగింది. నెలాఖరు అప్పు ఇంకో ఇద్దరు కూడా పట్టుకున్నారు. దుప్పట్ల లొసుగు మూసేశారు. ఇంకో నాలుగు వారాలే ఉంది. చిన్నవి కాదు, పెద్దది కావాలి. చూద్దాం గారు ఏమన్నాడంటే, "ఆడేవాడు కుర్చీలోంచి లేచి గంతెయ్యాలి" అన్నాడు.

నిబంధనల కాగితాలన్నీ పంపిస్తున్నాను. మిల్లు స్థలం అమ్ముకోవచ్చు, అద్దెకి తీసుకోవచ్చు. ఒకే మనిషి రెండు కంపెనీలు పెట్టుకోవచ్చు. పనివాళ్ళ రిటైర్మెంటు నిధి విడిగా ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు. కానీ స్థలం తాకట్టు పెట్టుకుని ఆ నిధిలోంచి బయటి కంపెనీకి అప్పివ్వచ్చు. ఏడాదికోసారి ఆడిటరు బొమ్మ ఒకటి వచ్చి కాగితాలు చూసి సంతకం పెడుతుంది, లేదా ఆట ఆపేస్తుంది. ఇందులో ఏమైనా ఉందా?

తాతయ్య నిన్న గేటు దగ్గర తూలిపడ్డాడు. ఏమీ కాలేదంటాడు. అరచేయి గీసుకుపోయింది. సాయంత్రం ఆ చేత్తోనే నాకు టీ పెట్టిచ్చి, "నీ మిల్లు ఎలా నడుస్తోంది, నా కన్నా నయమేనా?" అని నవ్వాడు.

నీ పిడుగు


నాలుగో అంతస్తు, వంటింటి బల్ల
ఏప్రిల్ 11

పిడుగా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. కాగితాలు వచ్చిన రోజునే సంగతి కనిపించింది. రాయడానికే వారం పట్టింది. నా వేళ్ళ నొప్పులని అనుకో.

నీ మిల్లు స్థలం విలువ పది అనుకుందాం. నువ్వే ఇంకో కంపెనీ పెట్టు. దానికి మిషన్లు, మనుషులు అక్కర్లేదు. ఒక పేరు, ఒక తాళంకప్ప చాలు. దాన్ని చెల్లెలి కంపెనీ అందాం. నీ స్థలాన్ని చెల్లెలికి యాభైకి అమ్ము. చెల్లెలి దగ్గర చిల్లిగవ్వ లేదంటావు. పనివాళ్ళ రిటైర్మెంటు నిధిలోంచి అప్పిప్పించు. తాకట్టుకి అదే స్థలం. దాని విలువ యాభై అని ఎవరు చెప్పారంటే, నిన్నటి అమ్మకం పత్రమే చెబుతోంది. ఆ యాభై చెల్లెలి చేతిలోంచి నీ చేతికి వస్తుంది. పది విలువ చేసేదాన్ని యాభైకి అమ్మావు కనుక నలభై లాభం. దాన్ని వాటాదారులకి పంచు. వాటాదారువి నువ్వే. ఆ స్థలంలోనే అద్దెకి ఉండి మిల్లు నడుపుతూ ఉండు. మగ్గాలు ఆగవు, ఎవరికీ ఏమీ తెలియదు. ఒక ఏడాదో రెండేళ్ళో పోయాక చెల్లెలు అప్పు కట్టలేనని చేతులెత్తేస్తుంది. నిధికి మిగిలేది పది విలువ చేసే స్థలం. తక్కిన నలభై నీ జేబులో ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది.

ముట్టుకోకూడని నిధిని నువ్వు ముట్టుకోలేదు. ఏ నిబంధనా తప్పలేదు. అడుగడుగునా ఒక కాగితం ఉంటుంది.

ఆడిటరు బొమ్మ గురించి బెంగపెట్టుకోకు. కాగితాలన్నీ సవ్యంగా ఉంటే అది సంతకం పెడుతుంది.

ఆఫీసులో ఆడు, పోస్టు తెచ్చుకో, వాడి చేత బూట్లు విప్పించు. ఇంట్లో ఈ ఆట గురించి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళకి ఇవన్నీ విసుగు.

అమ్మమ్మ


ఆఫీసు, మెట్ల మీద
ఏప్రిల్ 23

అమ్మమ్మా అమ్మమ్మా,

గంతేశారు! నిజంగానే గంతేశారు! చూద్దాం గారు కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్ళీ లేచాడు. పై అంతస్తు నుంచి ముగ్గురు వచ్చి చూశారు. ఒకాయన, "ఇది నీకెలా తట్టింది?" అని అడిగాడు. "మా అమ్మమ్మకి తట్టిందండీ" అంటే అందరూ నవ్వారు, జోకనుకుని. దీనికి ఆఫీసులో పేరే పెట్టేశారు, అమ్మమ్మ పద్ధతి అని.

పది సార్లు ఆడించారు. పది సార్లూ ఆడిటరు బొమ్మ వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, టపటపా సంతకాలు పెట్టి వెళ్ళిపోయింది. నువ్వు చెప్పినట్టే, అక్షరం తప్పకుండా.

పోస్టు నాదేనని చెవిలో చెప్పారు. కాగితం వచ్చే నెల. ఇంట్లో చెప్పొద్దన్నావు కానీ ఇంత సంతోషం కడుపులో పెట్టుకుని ఎలా తినను? ఇవాళ భోజనం దగ్గర తాతయ్యకి చెబుతాను. నీ పేరు కూడా చెబుతాను. నీ తెలివి వల్లే ఆయన కాళ్ళకి విశ్రాంతి అని తెలిస్తే, మిషన్ కోపమైనా పోతుందేమో.

నీ పిడుగు


చిన్న తాతయ్య ఇల్లు, ముందు గది
ఏప్రిల్ 24

అమ్మమ్మ గారికి,

నిన్న ఆయనకి చెప్పాను. బల్ల మీద ఉప్పు డబ్బాని మిల్లు చేశాను, చెంచాని చెల్లెలి కంపెనీ చేశాను, నీళ్ళ గ్లాసుని పనివాళ్ళ నిధి చేశాను. ఆయన మొదట్లో నవ్వుతూ విన్నాడు. గ్లాసులో నీళ్ళు చెంచాతో తీసి ఉప్పు డబ్బా పక్కన పోస్తున్నప్పుడు నవ్వు ఆగిపోయింది.

"ఇది ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

"అమ్మమ్మ."

"సంతకం సంగతి చెప్పిందా?"

"ఏ సంతకం తాతయ్యా?"

"సరే, తిను" అన్నాడు.

ఆయన తినలేదు. ప్లేటు కడిగి బోర్లించాడు. నేను ఊరుకోలేక, మీ ఇద్దరి గొడవ ఆ మిషన్ గురించే కదా అని అడిగాను. నా వైపు చూసి, "మిషన్ కోసం ఇరవై రెండేళ్ళా? మేమంత పిసినారులమా అమ్మా?" అన్నాడు. తర్వాత దీపం ఆర్పేశాడు. పొద్దున నేను లేచేసరికి పనికి వెళ్ళిపోయాడు.

ఆయన మిల్లు ఎలా మూతపడిందో నేనెప్పుడూ అడగలేదు. నష్టాలొచ్చి మూతపడిందని అనుకున్నాను. ఇవాళ ఆఫీసులో మళ్ళీ ఆ ఆట ఆడాను. ఆడిటరు బొమ్మ వచ్చింది, కళ్ళజోడు సవరించుకుంది.

అది మీరేనా?

మనవరాలు


నాలుగో అంతస్తు, వంటింటి బల్ల
మే 1

పిడుగా,

నన్ను "గారు" చేశావు, "మీరు" చేశావు. తప్పేమీ లేదు, అర్హతను బట్టి పిలుపు. నేను మాత్రం నిన్ను పాత పేరుతోనే పిలుస్తాను, ఓపిక పట్టు.

నేనే.

వాడి మిల్లు లెక్కలు ఆ ఏడాది మా ఆఫీసుకి వచ్చాయి. తమ్ముడు అందులో పనిచేస్తున్నాడు కనుక నేను తప్పుకోవాలి. వాడు మేస్త్రీ, యజమాని కాదు కదా అన్నారు, ఉండిపోయాను. గాజు బల్ల, మంచి టీ. అమ్మకం పత్రం, తాకట్టు పత్రం, అద్దె ఒప్పందం, బోర్డు తీర్మానం, అన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్క కామా తప్పు లేదు. చెల్లెలి కంపెనీ చిరునామా చూస్తే అదే మిల్లు, రెండో అంతస్తు. మెట్లెక్కి వెళ్ళి చూశాను. విరిగిన కుర్చీలు పడేసే గది. తాళం వేసి ఉంది. కిందికి వచ్చి కాగితం పక్కన పెన్సిల్‌తో రాశాను: "ఈ కంపెనీ ఎవరిది?" మా ఆఫీసు పెద్దాయన అది చదివి, చాలా మర్యాదగా, "చట్టం అడగమనని ప్రశ్న మనమెందుకండీ అడగడం?" అన్నాడు. రబ్బరు కూడా ఆయనే అందించాడు. చెరిపింది నేను. సంతకం పెట్టింది నేను.

ఇంతవరకూ అయితే నా లాంటి ఆడిటర్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. తక్కినది నాదే.

ఆ వారమే పనివాళ్ళకి ఒక చీటీ ఇచ్చారు. నిధిలో డబ్బు ఉంచుకునేవాళ్ళు ఉంచుకోవచ్చు, తీసుకునేవాళ్ళు పదిహేను రోజుల్లో తీసుకోవచ్చు అని. వాడు ఆ చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అన్నాడు. "ఆడిట్ సంగతులు బయట చెప్పకూడదురా" అన్నాను. వాడు నవ్వాడు. "చెప్పొద్దులే. నీ మొహం చూస్తే చాలు నాకు. చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను" అన్నాడు.

నేను మామూలు మొహం పెట్టుకున్నాను.

అంత మామూలు మొహం నేను నా జన్మలో పెట్టుకోలేదు. వాడికి టీ ఇచ్చాను. ఇంటి సంగతులు అడిగాను. వాడు వెళ్ళి మగ్గాల షెడ్డులో నిలబడి, "మా అక్కే లెక్కలు చూసింది, ఆవిడ మొహంలో ఏమీ లేదు, ఉంచండి" అని చెప్పాడు. రెండు వందల పద్నాలుగు మంది ఉంచారు.

మిల్లు మూతపడ్డాక వాళ్ళంతా వాడి గుమ్మం ముందుకే వచ్చారు. నా గుమ్మానికి ఎవరూ రాలేదు. నేను నిబంధన తప్పలేదు కదా. వాడు ఇల్లమ్మి నలుగురైదుగురికి సర్దాడు. తక్కినవాళ్ళకి సర్దడానికి వాడి దగ్గర ఇంకో ఇల్లు లేదు. నీకు పెళ్ళిళ్ళలో వాడు ఎక్కడా కనిపించడేమని చిన్నప్పుడు అడిగేదానివి. ప్రతి పెళ్ళిలో ఆ మిల్లు మనిషి ఒకడైనా ఉంటాడు.

మీ అమ్మ అడిగితే ఏదో చెప్పాలి కదా. మిషన్ అన్నాను. చిన్న అబద్ధమైతే మోయడానికి తేలికని.

మరి ఆ పద్ధతి నీకెందుకు చెప్పానంటావా? నా దగ్గర ఉన్న తెలివి అదొక్కటే. వాడి కాళ్ళు విరగ్గొట్టిన కర్రతోనే వాడికో కుర్చీ చేద్దామనుకున్నాను. వారం ఆలోచించాను కూడా. ఆలోచిస్తే తప్పు తగ్గుతుందని ఎక్కడా లేదు.

దీనితో పాటు వాడికొక కవరు పెడుతున్నాను. ఇవ్వు.

అమ్మమ్మ


చిన్న తాతయ్య ఇల్లు, ముందు గది
మే 29

అమ్మమ్మ గారికి,

మీ కవరు ఆయనకిచ్చాను. అరచేతిలో పెట్టుకుని బరువు చూసినట్టు చూశాడు. తిరిగి ఇచ్చేశాడు. "మీ అమ్మమ్మ రాతలో తప్పులుండవమ్మా. అదే కదా నాకొచ్చిన చిక్కు" అన్నాడు. విప్పకుండా ఇందులో పెట్టి పంపిస్తున్నాను.

మీ ఉత్తరం చదివాక నేను ఊరుకోలేదు. మీరు చెరిపేసిన ప్రశ్నని ఆటలో పెట్టించాను. ఆడిటరు బొమ్మ సంతకానికి ముందు ఒక్కసారి "ఈ కంపెనీ ఎవరిది?" అని అడుగుతుంది. అంతే. అడిగితే చాలు, పద్ధతి మొత్తం కూలిపోతుంది. పనివాళ్ళ డబ్బు పనివాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆ ప్రశ్న పెట్టడానికి ఒక పూట పని కూడా పట్టలేదు. యాభై మంది చేత ఆడించారు, ప్రశ్న ఉన్న ఆటా, లేని ఆటా. ప్రశ్న ఉన్న ఆట నలభై ఒక్క మంది మధ్యలో వదిలేసి వెళ్ళిపోయారు. ఎందుకు వదిలేశారన్న చోట "విసుగు" అన్నదానికి టిక్కు పెట్టారు. ప్రశ్న లేని ఆటని ఇంకోసారి ఆడతామన్నారు. చూద్దాం గారు జీవితంలో మొదటిసారి చూద్దాం అనలేదు. "తీసెయ్యండి" అన్నాడు.

ఆట అలాగే బజారులోకి వెళ్ళింది. అందులో మొదటి పేజీలోనే ఉంది, కొత్తగా ఆడేవాళ్ళకి చిట్కాగా: అమ్మమ్మ పద్ధతి.

నాకు పోస్టు ఇచ్చారు.

కాగితం ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. "ఇక మానెయ్యి తాతయ్యా" అన్నాను. ఆయన కాగితం చదవలేదు.

"దేనికిచ్చారు?" అన్నాడు.

అబద్ధం చెబుదామనుకున్నాను. కాగితం నా వైపుకి లాక్కున్నాను. ఆయనకి అర్థమైపోయింది.

"ఆ ఆటలో ఒక మిల్లుకి ఎంత మంది ఉంటారు?"

"రెండు వందల మంది."

"ఎంత మంది ఆడతారు దాన్ని?"

"లక్షల్లో, తాతయ్యా. కానీ అది ఆట. వాళ్ళు నిజం మనుషులు కాదు."

"అవునులే" అన్నాడు. కింద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. ఎడం కాలు లోపలికి పోలేదు. కాసేపు ఆగి, మళ్ళీ తోశాడు, పోయింది. లేసులు కట్టుకుని పనికి వెళ్ళాడు.

అప్పటి నుంచీ నా జీతంతో కొన్న రొట్టె ముక్క కూడా ముట్టుకోవట్లేదు. తన గిన్నె వేరు చేసుకున్నాడు. నిన్న సాయంత్రం, వచ్చే నెలాఖరులోపు వేరే గది చూసుకోమన్నాడు. కోపంగా అనలేదు. నేను ఏడిస్తే తల మీద చెయ్యి వేశాడు. "నీ మీద కోపం లేదమ్మా. నీ ఎదురుగా మామూలు మొహం పెట్టుకోవాల్సి వస్తోంది. నాకది చేతకాదు" అన్నాడు.

గది చూశాను. ఆఫీసుకి దగ్గర. కిటికీలోంచి పార్కింగ్ గేటు కనిపిస్తుంది. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను.

మనవరాలు


నాలుగో అంతస్తు, వంటింటి బల్ల
జూన్ 8

పిడుగా,

ఉద్యోగం మానకు. మానితే ఆట ఆగదు, వాడు గేటు దగ్గర నిలబడటం ఆగదు, నీ అద్దె మాత్రం ఆగుతుంది. మానడం వల్ల నీకు మనశ్శాంతి వస్తుందని ఎవరైనా చెబితే, ఆ మనిషి చేత రాయించి సంతకం పెట్టించుకో. నేను ఉద్యోగం మానేసి పద్దెనిమిదేళ్ళయింది.

పోయిన సోమవారం మా ఆడిటర్ల సంఘం ఆఫీసుకి వెళ్ళాను. ఫిర్యాదు చెయ్యాలన్నాను. ఎవరి మీద అని అడిగాడు గుమాస్తా. నా మీదేనన్నాను. మంచి కుర్రాడు, లేచి నాకు కుర్చీ వేశాడు. అలమారా అంతా వెతికి వచ్చి, "ఎవరి మీద వాళ్ళు ఫిర్యాదు చేసుకునే ఫారం లేదండీ" అన్నాడు. పైగా ఎనిమిదేళ్ళు దాటిన కాగితాలు చించేస్తారట. మిల్లు యజమాని పోయి పదేళ్ళయింది. మా పెద్దాయన పేరు మీద ఒక లైబ్రరీ గది ఉంది. ఆ గుమాస్తా నన్ను లిఫ్టు దాకా దిగబెట్టి, ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళున్నారా అని అడిగాడు.

తిరిగొచ్చిన కవరు అందింది. వాడు విప్పకపోవడమే మంచిదయింది. మళ్ళీ చదివి చూశాను. వాడన్నది నిజం. చాలా బాగా రాశాను. ఎక్కడ వాక్యం ఆపాలో, ఎక్కడ బతిమాలాలో, అన్నీ కుదిరాయి. అలాంటి కాగితం మీదే కదా వాడు ఒకసారి పడ్డాడు. పొయ్యిలో పెట్టేశాను.

వాడికి నేనింక ఏమీ రాయను. నువ్వూ నా తరఫున ఏమీ చెప్పకు. వాడు క్షమించే రోజు కోసం కాచుక్కూర్చోకు. నేను కూర్చోవట్లేదు. వాడు క్షమించినా రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు, వాళ్ళలో సగం మంది ఇప్పటికే లేరు.

ఇక నువ్వు గది ఖాళీ చేసేలోపు ఒక పని చెయ్యి. వాపు కాళ్ళకి మోకాలి దాకా వచ్చే బిగుతు మేజోళ్ళు అమ్ముతారు. పెద్ద మందుల షాపుల్లోనే ఉంటాయి, వీధి చివర చిన్న షాపులో అడిగి విసుక్కోకు. వాడి కాలి కొలత కావాలంటారు. నువ్వు అడిగితే ఇవ్వడు. వాడు పనికెళ్ళాక తీగ మీద ఆరేసిన పాత మేజోడు ఒకటి తీసుకెళ్ళి, అంచు ఎంత సాగిందో షాపువాడికి చూపించు, చెబుతాడు. రెండు జతలు తీసుకో. నల్లవి వద్దు, వాడు తొడిగే బూడిద రంగువే. చీటీలు కత్తిరించి పారెయ్యి. రసీదు ఇంటికి తేకు. రెండుసార్లు ఉతుకు, ఒక ఉతుక్కి కొత్త వాసన పోదు. మడమ దగ్గర గోడకేసి కాస్త రుద్ది, పాతవి రెండు తీసేసి, వాటి చోట వాడి మేజోళ్ళలో కలిపి పెట్టు. షాపు ఆదివారం మూసేస్తారు. శనివారమే వెళ్ళు.

అమ్మమ్మ